పెదనాయన యమహా, పెద్దమ్మ ఆర్సీ



మా బండి ఫోటో చూసినోళ్లంతా రెండే ప్రశ్నలు అడుగుతా ఉండారు. ఎంతకి కొన్నారు? ఎంతకి అమ్ముతారు? మేం కొననూ లేదు, అమ్మనూ అమ్మం. మధ్యలో పద్నాలుగు నెలలు ఏం చేశామో ఎవరూ అడగలేదు. అది రాద్దామని కూర్చున్నాం. కొంచెం పొడుగుంటది, తీరిగ్గా చదవండి.

మేం నలుగురం అన్నదమ్ముల బిడ్డలం. ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. ఒకరు ఐటీఐ, ఇద్దరు డిగ్రీ, చిన్నోడు ఇంటర్. మా యానాది కాలనీ తోటపల్లిగూడూరు మండలంలో, కోడూరు వైపు. సముద్రం మూడు కిలోమీటర్లు. ఒక పక్క బకింగ్‌హామ్ కాలవ, ఇంకో పక్క రొయ్యల గుంటలు. మా పెద్దోళ్లు ఎక్కువమంది ఆ గుంటల కాడ కాపలా ఉంటారు, లేదంటే కాలవలో చేపలు, పీతలు పడతారు.

జపాన్ పాత స్పోర్ట్స్ కార్లని ఇంట్లోనే బాగుచేసుకునే వాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. వీడియోల్లో మీరూ చూసుంటారు. 1969లో వచ్చిన డాట్సన్ 240జడ్, రోటరీ ఇంజన్ ఉన్న మాజ్దా ఆర్‌ఎక్స్-7, నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, టొయోటా సూప్రా లాంటివి. ఇంటి పక్క షెడ్డులో నట్టు నట్టు ఊడదీసి, తుప్పు గీకి, మళ్లీ బిగించి రోడ్డెక్కిస్తారు. వాళ్ల పట్టుదల చూసి కంపెనీలే దిగొచ్చాయి. నిస్సాన్ 2017లో ఆర్32 స్కైలైన్ కోసం ఆపేసిన స్పేర్ పార్టులు మళ్లీ తయారు చెయ్యడం మొదలుపెట్టింది. టొయోటా 2020లో పాత సూప్రాలకి అదే పని చేసింది.

ఆ కార్లు మన కాలనీలకి రావు. విదేశాల్లో తయారైన కారుని దింపుకోవాలంటే కస్టమ్స్ పన్నే కారు ధరంత అవుతుంది. కానీ జపాన్ స్పోర్ట్స్ బండి మన ఊళ్లకి రాలేదని ఎవరన్నా అంటే మేం ఒప్పుకోం. వచ్చింది, రెండు చక్రాల మీద వచ్చింది. దాని పేరు యమహా ఆర్‌ఎక్స్ 100.

ఇది ఊరికే గొప్ప కోసం అనే మాట కాదు. యమహాకీ జపాన్ స్పోర్ట్స్ కార్లకీ నిజంగానే చుట్టరికం ఉంది. జపాన్ గొప్ప స్పోర్ట్స్ కారు అనగానే ముందు చెప్పే పేరు టొయోటా 2000జీటీ. 1967 నుంచి 1970 దాకా మొత్తం 351 మాత్రమే తయారయ్యాయి. 2013లో ఒక వేలంలో అలాంటి కారు ఒకటి పది లక్షల డాలర్లు దాటి పోయింది. పేరు టొయోటాదే కానీ దాన్ని తయారుచేసి బిగించింది యమహా వాళ్లు. ఇంకో సంగతి. యమహా కంపెనీ పుట్టిందే ఒక రిపేరు నుంచి. 1887లో హమమత్సు అనే ఊళ్లో ఒక బడిలో ఆర్గన్ పెట్టె చెడిపోతే, తొరకుసు యమహా అనే ఆయన దాన్ని బాగుచేశాడు. బాగుచేస్తా చేస్తా అది ఎలా తయారవుతుందో నేర్చుకున్నాడు. తర్వాత తానే తయారుచేశాడు. 1955లో మోటార్‌సైకిళ్ల కంపెనీ విడిగా వచ్చింది. ఇప్పటికీ యమహా గుర్తులో ఉండేది మూడు శ్రుతి దండాలు. హోండా కంపెనీ పెట్టిన సొయిచిరో హోండా కూడా కుర్రతనంలో కార్ల రిపేరు షెడ్డులో పనికి కుదిరినోడే. రిపేరు పని చిన్న పని అనుకునే వాళ్లకి ఈ రెండు కథలు చెప్పండి.

1980ల్లో మన దేశానికి జపాన్ కంపెనీలు వరసగా వచ్చాయి. 1983లో సుజుకితో కలిసి మారుతి 800 వచ్చింది. 1984లో ఇండ్-సుజుకి ఏఎక్స్ 100, 1985లో హీరో హోండా సీడీ 100, తర్వాత కవాసాకి బజాజ్ కేబీ 100. ఎస్కార్ట్స్ కంపెనీ యమహాతో కలిసి 1985 చివర్లో ఆర్‌ఎక్స్ 100 దించింది. మొదట్లో జపాన్ నుంచి వచ్చిన విడిభాగాలతోనే బిగించేవాళ్లు. 1996 దాకా తయారైంది. 98 సీసీ ఇంజన్, 11 హార్స్ పవర్, నాలుగు గేర్లు, బరువు చూస్తే నూరు కిలోల చిల్లర. ఆ లెక్క కొంచెం ఆలోచించండి. లీటరుకి చూసుకుంటే 110 హార్స్ పవర్ దాటుతుంది. 1999లో వచ్చిన హోండా ఎస్2000 కారు లీటరుకి 120 పైన ఇస్తుందని ప్రపంచం నోరు తెరిచింది. అది ఫోర్ స్ట్రోక్, ఇది టూ స్ట్రోక్, రెంటినీ పక్కపక్కన పెట్టడం పూర్తి న్యాయం కాదు, నిజమే. అయినా పీతల ట్రే కట్టుకుని తిరిగిన బండికి ఆ మాత్రం గౌరవం ఇవ్వాలి కదా.

ఎందుకంటే మా బండి చేసిన పని అదే. 1991 మోడల్. పక్క ఊరి రొయ్యల గుంటల యజమాని ఒకాయన కొత్తది కొన్నాడు. మా పెదనాయన ఆయన గుంట కాడ కాపలా ఉండేవాడు. 1998లో ఆయన కారు కొనుక్కుని, ఈ బండిని పదహారు వేలకి పెదనాయనకి ఇచ్చాడు. సగం చేతికి, సగం జీతంలో పట్టుకునేట్టు. మా కాలనీలో అదే మొదటి మోటార్‌సైకిల్. వెనక సీటు మీద ట్రే కట్టి, తెల్లారకముందే పీతలు, చేపలు నెల్లూరుకి తీసకపోయేవాడు. అంతకుముందు దళారి ఎంత చెప్తే అంత. బండి వచ్చినాక రేటు తానే కనుక్కున్నాడు. కాన్పుకి ఆసుపత్రికి పోయినా, పాము కరిచి పోయినా ఆ బండి మీదే. మాలో ఇద్దరం పుట్టింది ఆ బండి మీద మా అమ్మలు ఆసుపత్రికి పోయినాకనే.

పెదనాయన పోయి పన్నెండేళ్లు. అప్పటి నుంచి బండి తాటాకు పాక కింద, పాత వలల వెనకాల ఉండిపోయింది. పెద్దమ్మ అమ్మనివ్వలేదు. పాత ఇనుపోళ్లు వచ్చి కిలోల్లెక్కన అడిగితే కసిరి పంపేది. 2018లో 'ఆర్‌ఎక్స్ 100' సినిమా వచ్చినాక మా పిల్లకాయలకి ఆ పేరు మళ్లీ నోట్లోకి వచ్చింది. అయినా ఎవరం దాని జోలికి పోలేదు. మాలో ఐటీఐ చదివే అన్న ఒక సంక్రాంతికి వలలు తీసి చూసి, "ఇంజన్ పట్టేసింది గానీ ఫ్రేము బాగుండాది" అన్నాడు. అక్కడ మొదలైంది.

ముందు విప్పడం గురించి చెప్తాం. విప్పేటప్పుడే సగం పని అయిపోతది. ప్రతి భాగం ఊడదీసే ముందు సెల్‌ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫోటో. ప్రతి నట్టూ బోల్టూ దాని డబ్బాలో, డబ్బా మీద కాగితం అతికించి పేరు. ఈ లెక్కంతా మా చెల్లెలు చూసింది. పెరుగు డబ్బాలు, హార్లిక్స్ సీసాలు మొత్తం అరవై మూడు అయినాయి. సముద్రం పక్కన బోల్టు మామూలుగా ఊడదు. ఉప్పుగాలికి నట్టూ బోల్టూ ఒకటైపోయి ఉంటాయి. బలవంతం పెడితే తల విరుగుతుంది. డీజిల్‌లో కొంచెం ఇంజన్ ఆయిల్ కలిపి రోజూ పొద్దున సాయంత్రం పోస్తా, మూడు రోజులు ఆగి, సుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు తట్టి, అప్పుడు పానా వెయ్యాలి. పీత బొరియ కాడ కూర్చునేటోడికి ఉండే ఓపిక కావాలి. ఆ ఓపిక మనకి కొత్త కాదు.

ట్యాంకు లోపల తుప్పు పొరలు పొరలుగా ఉండింది. కొత్త ట్యాంకులు దొరుకుతాయి కానీ రేకు పలచన. ఇత్తడి గిన్నెలు దేంతో తోముతామో దాంతోనే ట్యాంకు కడిగాం. పెద్దమ్మ రెండు కిలోల పాత చింతపండు పిసికి పులుసు తీసింది. అందులో వెనిగర్ కలిపి ట్యాంకు నిండా పోసి, గుప్పెడు చిన్న నట్లు వేసి, మూతులు కట్టి, రెండు రోజులు వంతులేసుకుని ఊపాం. పులుపు తుప్పుని కరిగిస్తది, నట్లు పొరల్ని రాలుస్తాయి. తర్వాత వంట సోడా నీళ్లతో కడగాలి, లేకపోతే మిగిలిన పులుపు ఇనుమునే తింటుంది. వెంటనే ఎండలో పూర్తిగా ఆరబెట్టి, లోపలంతా ఆయిల్ తిప్పాలి. ఆలస్యం చేస్తే మా గాలికి ఒక్క రాత్రిలో మళ్లీ ఎర్రబడుతుంది.

ఇప్పుడు ఇంజన్. టూ స్ట్రోక్ ఎలా పనిచేస్తుందో అర్థమైతే సగం భయం పోతుంది. ఫోర్ స్ట్రోక్‌లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి మంట. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకీ మంట. అందుకే అంత చిన్న ఇంజన్‌కి అంత ఊపు. ఇందులో ఫోర్ స్ట్రోక్‌లో ఉండే వాల్వులు, క్యామ్ లాంటివి ఉండవు. సిలిండర్ గోడకే కిటికీలు ఉంటాయి. పిస్టన్ పైకీ కిందకీ పోతా వాటిని తెరుస్తది, మూస్తది. కార్బొరేటర్ నుంచి గాలి, పెట్రోల్ లోపలికి పోయే దారిలో పలచటి రేకుల రీడ్ వాల్వు ఉంటుంది. లోపలికి పోనిస్తది, వెనక్కి రానివ్వదు. హార్మోనియంలో ఉండే రీడుకి ఇది వరసకి తమ్ముడు. ఆర్గన్ బాగుచేసినాయన పేరు పెట్టుకున్న బండిలో రీడు ఉండడం మాకు భలే నచ్చింది.

ఈ ఇంజన్ కింద గదిలో ఆయిల్ నిలవ ఉండదు. పెట్రోల్‌తో పాటు టూటీ ఆయిల్ లోపలికి పోయి, బేరింగుల్ని తడిపి, చివరికి కాలిపోతుంది. మాజ్దా ఆర్‌ఎక్స్-7 రోటరీ ఇంజన్ కూడా ఇంతే, తన ఆయిల్ కొంచెం కొంచెం తానే కాల్చుకుంటుంది. ఆ మాజ్దా వాళ్లు రోటరీ ఇంజన్ కారుతోనే 1991లో ఫ్రాన్సులో లే మాన్స్ 24 గంటల రేసు గెలిచారు. జపాన్ కంపెనీ ఆ రేసు గెలవడం అదే మొదలు. మా బండి పుట్టిన ఏడే అది.

మా సిలిండర్ గీతలు పడిపోయి ఉండింది. ఆర్‌ఎక్స్ 100 సిలిండర్ లోపలి కొలత 50 మిల్లీమీటర్లు. అరిగితే లేత్‌లో పావు మిల్లీమీటరు పెద్దది చేసి, అంత పెద్ద పిస్టన్ వేస్తారు. 50.25, 50.50, 50.75, 51. అది కూడా దాటితే లోపల కొత్త స్లీవ్ దిగ్గొట్టాల్సిందే. మాది అప్పటికే రెండో బోరు నడిచింది. మూడోది వేయించాం. నెల్లూరులో ఒక షెడ్డు భాయ్ మాకు గురువు. డెబ్బై ఏళ్లుంటాయి. ఆయన మాట ఒకటే, "ముందు పిస్టన్ తెచ్చి కొలవండి, తర్వాతే బోరు కోయించండి." డబ్బా మీద సైజు చూసి నమ్మకూడదంట. ఒక షాపులో ఒరిజినల్ అని అంటగట్టిన పిస్టన్‌ని ఆయన గోటితో తట్టి, మైక్రోమీటర్ పెట్టి, పక్కన పారేసినాడు. డూప్లికేట్. తిరిగిస్తామంటే ఆ షాపోడు బిల్లు లేదన్నాడు. అప్పటి నుంచి చెల్లెలు బిల్లు లేకుండా ఒక వాషర్ కూడా కొననియ్యలేదు.

క్రాంకు ఆయన దగ్గరే విప్పించి కొత్త కనెక్టింగ్ రాడ్ కిట్, బేరింగులు, ఆయిల్ సీళ్లు వేయించాం. ఇది ఇంట్లో చేసే పని కాదు, ప్రెస్ కావాలి, సూటిగా ఉందో లేదో చూసే డయల్ గేజి కావాలి. ఏది ఇంట్లో చెయ్యాలో, ఏది చేతులు తిరిగిన మేస్త్రీకి ఇవ్వాలో ముందే రాసి పెట్టుకోండి. దొరకని సామాను కోసం పొద్దున్నే రైలెక్కి చెన్నై పుదుపేటకి పోయినాం. పాత బండ్ల స్పేర్లకి అది పెద్ద బజారు. మడ్‌గార్డులు రెండూ అక్కడే క్రోమ్ చేయించుకున్నాం. కొత్త రేకు కొనమని అందరూ అన్నారు. మేం ఒప్పుకోలేదు. పాత రేకు మందం, దానికి గట్టిగా ప్లేటింగ్ పడితే మా ఉప్పుగాలికి కొన్నేళ్లు ఆగుతుంది.

సైలెన్సర్‌లో కూరిన మసి అరకిలో ఉంటుంది. లోపలి గొట్టం బయటికి లాగి, పొయ్యిలో ఎర్రగా కాల్చి, చల్లారినాక తట్టితే మసంతా రాలిపోయింది. చాలామంది ఆ లోపలి గొట్టం పారేసి శబ్దం పెంచుతారు. మేం వెనక్కి పెట్టేశాం. దానికి మూడు కారణాలు. ఒకటి, టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ కొలతల మీదే ఇంజన్ ఊపు ఆధారపడి ఉంటుంది, అది తీస్తే కింది గేర్లలో బండి నీరసపడుతుంది. రెండు, జరిమానా. మూడోది మీకు చెప్పక్కర్లేదు. మన పిల్లకాయలు రోడ్డు మీద శబ్దం చేసుకుంటా పోతే ముందు ఆపేది మనల్నే.

ఇక్కడి నుంచి అసలు సంగతి.

బండి ఆదివారం సాయంత్రం స్టార్ట్ అయింది. పదకొండో కిక్కుకి. పొగకి కాలనీ అంతా బయటికొచ్చింది. పెద్దమ్మ ఏమీ అనలేదు, సీటు మీద చెయ్యి పెట్టి కొంచెంసేపు నిలబడింది. మరుసటి వారం బ్రేకులు చూద్దామని తారు రోడ్డు దాకా తోసుకుంటా పోతుంటే ఒకచోట ఆపారు. "ఏ ఊర్రా? బండి యాడిది? యానాదోళ్లకి ఈ బండి యాడ నుంచి వచ్చింది?" మా చేతిలో ఉన్నది చినిగిపోయిన పాత ఆర్సీ, అందులో పేరు చచ్చిపోయిన గుంట యజమానిది. గంటన్నర నిలబెట్టి, ఊళ్లో పెద్దమనిషి ఫోన్ చేసినాక వదిలారు.

ఆ ప్రశ్న కొత్తది కాదు. 1871లో తెల్లోళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. తర్వాత మన తాతల్లో చాలామందిని ఆ జాబితాలో చేర్చి, పోలీసుల ముందు హాజరు వేయించుకున్నారు. మన నెల్లూరు జిల్లాకే చెందిన వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల కోసం జీవితమంతా తిరిగి, ఆ చట్టం పోవాలని పోరాడిన వాళ్లలో ఒకరు. 1952లో చట్టం రద్దయింది. చట్టం పోయి డెబ్బై ఏళ్లు దాటినా ఆ ప్రశ్న మాత్రం రోడ్డు మీద ఇంకా నిలబడే ఉండాది. దానికి కోపంతో జవాబు చెప్పొచ్చు. కాగితంతో చెప్తే ఇంకా బాగా వినపడుతుంది. అందుకే ఇంజన్ మీద పెట్టినంత ఓపికా కాగితాల మీద పెట్టాలని ఆ రాత్రే అనుకున్నాం.

పాత బండి తెచ్చుకునేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. కొనే ముందే ఆర్సీలో ఉన్న ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద కొట్టిన నంబర్లతో అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే ఎంత చవకగా వచ్చినా వద్దు. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది, తర్వాత ఐదేళ్లకోసారి బండి చూపించి పొడిగించుకోవాలి. దానికి ఫారం 25. ఆర్సీ పోయినా చినిగినా డూప్లికేట్‌కి ఫారం 26. బతికున్న ఓనరు అమ్మితే ఫారం 29, ఫారం 30. ఓనరు చనిపోతే ముందు వారసుడి పేరు మీదకి ఫారం 31తో మార్చి, ఆయన దగ్గర నుంచి మనం మార్చుకోవాలి. ఇరవై ఏళ్లు దాటిన మోటార్‌సైకిల్ రెన్యువల్ ఫీజుని కేంద్రం 2025 ఆగస్టులో రెండు వేలకి పెంచింది. యాభై ఏళ్లు దాటిన బండ్లకి వింటేజ్ అని విడిగా రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధన 2021లో వచ్చింది. ఆర్‌ఎక్స్ 100ల్లో అన్నిటికన్నా పెద్దదానికి ఆ వయసు రావాలంటే 2035 దాకా ఆగాలి. అంతవరకూ మామూలు దారే.

ఒక బ్రోకరు అన్నీ కలిపి పదిహేను వేలు అడిగాడు. మేమే చేసుకుంటామన్నాం. గుంట యజమాని కొడుకు హైదరాబాదులో ఉంటాడు. ఫోన్ చేసి పెదనాయన పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. చిన్నప్పుడు ఆ బండి ట్యాంకు మీద కూర్చుని తిరిగాడంట. ఊరికి వచ్చినప్పుడు సంతకాలు పెట్టి పోయాడు, ఒక్క రూపాయి తీసుకోలేదు.

ఆగింది మా వైపే. బండిని పెద్దమ్మ పేరు మీద పెడదామనుకున్నాం. పెద్దమ్మకి ఆధార్ లేదు. బండికి ఏ నెలలో తయారైందో, ఇంజన్ నంబరేందో, ఎవరు ఎప్పుడు కొన్నారో అన్నీ రాసుండాయి. పెద్దమ్మ ఏ ఏడాది పుట్టిందో మాత్రం ఎక్కడా రాసిలేదు. ఇనుపబండి ఈ దేశం లెక్కలో ముప్ఫై ఏళ్లకి పైగా ఉంది, దాన్ని కాపాడిన మనిషి లేదు. మా కాలనీకి దగ్గర్లో పెట్టిన ఆధార్ క్యాంపుకి రెండుసార్లు తిరిగాం. వేలిముద్రలు పడలేదు. ముప్ఫై ఏళ్లు పీతలు ఏరిన వేళ్లకి గీతలు ఏడుంటాయి? మూడోసారి కళ్లతో తీసుకున్నారు. కార్డు చేతికొచ్చినాక బండి పని మూడు వారాల్లో అయిపోయింది. మొత్తం నాలుగున్నర నెలలు పట్టింది. ఏపీ 26 నంబరు అట్నే ఉంది, పేరు మారింది. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా తీసుకున్నాం. ఇంత ఉపయోగం జరిగింది ఇంకోటి ఉంది. ఆ ఆధార్ వల్లనే పెద్దమ్మకి వితంతు పింఛనుకి దరఖాస్తు పెట్టగలిగాం.

ఖర్చు కూడా చెప్తాం, దాచేదేముంది. ఇంజన్ పని 11 వేలు, క్రోమ్ 6 వేలు, పెయింటు 5 వేలు, టైర్లు ట్యూబులు 4 వేలు, వైరింగు, లైట్లు 3 వేలు, కాగితాలు, ఇన్సూరెన్సు, రాకపోకలు 5 వేలు. మొత్తం 34 వేలు. రొయ్యల పట్టుబడికి రాత్రిపూట కూలికి పోయి కొంత తెచ్చాం. మిగిలింది ఈ పనిలో నుంచే వచ్చింది. బండి విప్పుతా ఉంటే చూసినోళ్లు తమ బండ్లూ తెచ్చారు. కార్బొరేటర్ క్లీనింగు, చైను మార్చడం, గుంటల కాడ ఏరియేటర్ల రిపేరు. ఇప్పుడు ఐటీఐ అన్నకి వారానికి మూడు నాలుగు పనులు ఇంటికే వస్తా ఉండాయి.

ఒక నెల్లూరాయన వచ్చి లక్షా ఇరవై వేలు ఇస్తానన్నాడు. మేం నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అది చిన్న డబ్బు కాదు. చెల్లెలి హాస్టలు, చిన్నోడి ఫీజు, ఇంటి పైకప్పు, అన్నీ కళ్లముందు తిరిగాయి. ఓనరు పెద్దమ్మ కాబట్టి ఆమెనే అడిగాం. "మీకు అవసరమైతే అమ్మండి. నాకైతే నా పేరుండేది ఇదొక్కటే" అంది. ఇల్లున్న స్థలానికి పట్టా కూడా లేని మా కాలనీలో ఆ మాట ఏందో మాకు అర్థమైంది. అమ్మలేదు. ఇంకో ఇంట్లో వైద్యం ఖర్చుండి అమ్ముకుంటే దాన్ని కూడా తప్పు అనం.

సముద్రం పక్కన పాత బండి పెట్టుకునే వాళ్లకి మేం పాటించేవి చెప్తాం. వారానికోసారి మంచినీళ్లతో కడగాలి, బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అసలు వద్దు. ఆరినాక స్పోకులు, చైను, నట్ల మీద నూనె గుడ్డతో తుడవాలి. బీచి ఇసకలోకి దించొద్దు. ప్లాస్టిక్ పట్ట గట్టిగా చుట్టొద్దు, లోపల చెమ్మ పట్టి తుప్పు ఇంకా ఎక్కువవుతుంది, గాలి ఆడే పాత దుప్పటి మేలు. ఆపగానే పెట్రోల్ ట్యాపు మూసెయ్యాలి. పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసే బండికి లీటరుకి 30 నుంచి 40 మిల్లీలీటర్లు, మంచి టూటీ ఆయిల్ మాత్రమే. కొత్త బోరు అయితే మొదటి 500 కిలోమీటర్లు మెల్లగా పోవాలి. స్పార్క్ ప్లగ్గు తీసి చూడండి. కాఫీ రంగుంటే ఆరోగ్యం, తెల్లగుంటే పెట్రోల్ చాలక వేడెక్కుతా ఉన్నట్టు, నల్లగా తడిగుంటే పెట్రోల్ గానీ ఆయిల్ గానీ ఎక్కువైనట్టు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంది. అది గాల్లో తేమని పీలుస్తుంది, పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది. పైపులు కొత్తవి వెయ్యండి, నెల పైన బండి ఆపేటట్టుంటే కార్బొరేటర్ ఖాళీ చెయ్యండి.

పొగ సంగతి కూడా ఒప్పుకోవాలి. టూ స్ట్రోక్‌లో కొంత పెట్రోల్ కాలకుండానే బయటికి పోతుంది. 1996 పొగ నిబంధనలు వచ్చిన కాలంలోనే ఈ బండి తయారీ ఆగింది. మేం రోజూ తిప్పం. కాలేజీకి బస్సులోనే పోతాం. ఆదివారం ఒకసారి, పండగకి ఒకసారి తీస్తాం. పెద్దమ్మ సంతకి పోతానంటే అప్పుడు ఎప్పుడైనా సరే.

చివరగా గ్రూపులో అందరికీ ఒక మాట. మన కాలనీల్లో ప్రతిచోటా పాక కింద ఒక పాత బండో, పంపుసెట్టో, పడవ ఇంజనో పడుంటుంది. కిలోల్లెక్కన పంపించే ముందు ఒకసారి విప్పి చూడండి. ఒక పానా సెట్టు, ఒక ప్లగ్గు పానా, ఫీలర్ గేజి, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక సుత్తి చాలు మొదలుపెట్టడానికి. కాలనీకొక పెట్టె పెట్టుకుని అందరూ వాడుకోవచ్చు. చేతిపని వచ్చినోళ్లు ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చూడండి, సర్టిఫికెట్టు ఉంటే ఆ పనికే విలువ మారుతుంది. ఆడపిల్లల్ని దూరంగా నిలబెట్టొద్దు. మా అరవై మూడు డబ్బాల్లో ఒక్క వాషర్ కూడా తప్పిపోలేదంటే అది మా చెల్లెలి పుణ్యమే. ఇంజన్‌తో పాటు ఇంట్లో వాళ్ల కాగితాలు కూడా ఒకసారి బయటికి తీసి చూడండి. ఎవరికి ఆధార్ లేదు, ఎవరి పేరు తప్పుంది, ఎవరి పుట్టిన తేదీ లేదు. ఫారాలు నింపడంలో సందేహం ఉంటే మమ్మల్ని అడగండి. మేం ఆ దారిలో నాలుగున్నర నెలలు నడిచినోళ్లం, ఏ కిటికీ దగ్గర ఏం అడుగుతారో చెప్పగలం.

వచ్చే నెల నుంచి నెలలో రెండో ఆదివారం మా పాక దగ్గర పని నేర్పుతాం. పాత బట్టలు వేసుకుని రండి. పీతల పులుసు పెద్దమ్మ చూసుకుంటానంది.